బజారు రేటు, అలవాటు రేటు

బట్టల కొట్లో చేరాక మొదటి దసరాకి నా జీతం మూడు వందల రూపాయలు పెరిగింది. అప్పటికి నా జీతం పన్నెండు వందలు. అంటే ఒక్కసారిగా పావు వంతు పెరిగిందన్నమాట. ఆ రోజు అమలాపురం బస్టాండు దాకా నేల మీద నడిచినట్టే లేదు నాకు. పదిహేనో దసరాకి కూడా మూడు వందలే పెరిగింది. ఆ రోజూ సంతోషంగానే ఇంటికి వెళ్ళాను. అందులో సంతోషపడాల్సిందేమీ లేదని తెలియడానికి ఇంకొన్ని నెలలు పట్టింది.

ఇప్పుడు కొట్లలోనూ, ఆస్పత్రుల్లోనూ, ప్రైవేటు బడుల్లోనూ పనిచేస్తున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఒకే చోట నమ్మకంగా ఉంటే జీతం దానంతట అదే పెరుగుతుందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. పెరుగుతుంది, అబద్ధమేం కాదు. ఎంత పెరుగుతుందని మాత్రం మేమెవరం అడిగేవాళ్ళం కాదు.

నేను ఉద్యోగంలోకి రావడం కోరి వచ్చింది కాదు. మా ఆయన కొబ్బరికాయల దింపు పని చేసేవారు. ఒకరోజు కాళ్ళ బంధం జారి చెట్టు మీంచి పడ్డారు. ప్రాణం దక్కింది గానీ నడుం పోయింది. మళ్ళీ చెట్టెక్కడం, బరువెత్తడం రెండూ వద్దన్నారు డాక్టర్లు. అప్పటికి మా అమ్మాయి నడక నేర్చుకుంటోంది. పిల్లనీ వంటనీ ఆయనకి అప్పజెప్పి నేను అమలాపురం బస్సెక్కాను. ఊళ్ళో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. తరవాత వాళ్ళకీ వేరే పనులు పడ్డాయి.

మాది మూడంతస్తుల కొట్టు. కింద జాకెట్టు ముక్కలు, లంగాలు, ఫాల్సులు. పైన చీరలు. ఆ పైన షావుకారు గారి గది, సరుకు మూటలు. నన్ను మొదట జాకెట్టు ముక్కల దగ్గర పెట్టారు. కొన్నేళ్ళకి చీరల అంతస్తుకి మార్చారు. రోజంతా నిలబడి, విప్పిన చీరలే మళ్ళీ మడతపెట్టడం. వంద చీరలు తీయించి "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయే వాళ్ళని చూసి నవ్వడం నేర్చుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది నాకు.

మా షావుకారు గారు చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. మా అమ్మాయికి టైఫాయిడ్ వస్తే ఆస్పత్రికి మనిషిని తోడిచ్చి పంపించారు. పురిటికి వెళ్ళిన వాళ్ళ జీతం ఆపిన మనిషి కాదు. దసరా రోజు పూజ అయ్యాక మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే పై గదిలోకి పిలిచి, చీర పెట్టి, "ఈ ఏడు మూడు వందలు వేసేనమ్మా" అనేవారు. మేము దండం పెట్టి దిగి వచ్చేవాళ్ళం. కిందికొచ్చాక ఎంత పెరిగిందో ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం కాదు. అందరికీ పెరిగేది అదే మూడు వందలని అందరికీ తెలుసు. అయినా ఎవరి గుట్టు వాళ్ళు దాచుకునేవాళ్ళు.

పట్టుచీరల దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. మేమంతా బాబాయిగారూ అని పిలిచేవాళ్ళం. షావుకారు గారి తండ్రి కాలం నుంచి ఆ కొట్లోనే ఉన్నారు. పెళ్ళివారు పరుపు మీద కూర్చుంటే, ఆయన చీర అంచు చూపిస్తూ మాటలు మొదలెడితే, కొనకుండా లేచి వెళ్ళిన వాళ్ళని నేను చూడలేదు. అంత మాటకారికి జీతం ప్రస్తావన వచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

"అడక్కూడదమ్మాయ్," అనేవారు నాతో. "అడిగితే మన విలువ మనమే తగ్గించుకున్నట్టు. ఆయనకి తెలీదా ఏవిటి?"

ఆయనకి తెలుసనే నేనూ అనుకునేదాన్ని.

ఆ పదిహేనో దసరా తరవాత వచ్చిన వేసవిలో రాజోలు వైపు నుంచి ఒకావిడ కొత్తగా చేరింది. నాకంటే పదేళ్ళు చిన్న. వాళ్ళాయన మస్కట్‌లో ఉంటాడు. రాజమండ్రిలో ఓ పెద్ద షోరూములో రెండేళ్ళు చేసిన అనుభవం ఉంది. మంచి పిల్ల. వచ్చిన వారంలోనే, మధ్యాహ్నం అన్నాల దగ్గర, కల్లాకపటం లేకుండా అడిగింది.

"ఇక్కడ దసరాకి ఎంత పెంచుతారక్కా? నాకు ఇప్పుడు అయిదు వేలు ఇస్తానన్నారు."

నోట్లో పెట్టుకున్న ముద్ద అలాగే ఉండిపోయింది. అప్పటికి నా జీతం అయిదు వేల ఏడు వందలు.

"ఏవక్కా, కారం తగిలిందా?" అని మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది.

"ఆయ్, తగిలింది," అన్నాను.

ఆ పిల్ల మీద కోపం రాలేదు. రావాల్సిన పనీ లేదు, ఆమె కష్టానికి తగిన జీతమే ఆమె తెచ్చుకుంటోంది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాను. నా పదిహేనేళ్ళకీ, నిన్న గాక మొన్న వచ్చినావిడకీ మధ్య ఏడు వందలు. అంటే నేను చేసిన ఏడాది ఒక్కోదానికి యాభై రూపాయలు కూడా పడలేదు. మొదటి ఏడాది మూడు వందలంటే పావు జీతం. ఇప్పుడదే మూడు వందలు గ్యాసు బండ ధర పెరిగితే సరి. జీతం పెరుగుతూనే ఉంది, నేను మాత్రం ఏడాదికేడాదీ వెనక్కి జరుగుతున్నాను.

ఆ రోజుల్లోనే కువైట్ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. పదేళ్ళుగా అది అక్కడ ఇళ్ళలో పనిచేస్తోంది.

"మా మేడం వాళ్ళ చెల్లెలికి నమ్మకమైన మనిషి కావాలంటక్కా. వాళ్ళిల్లు మా పక్క వీధే. శుక్రవారం శుక్రవారం కలుసుకోవచ్చు. నీకిప్పుడొచ్చే దానికి మూడింతలు ఇస్తారు. రావే," అంది.

అంతకుముందూ ఇలా చాలాసార్లు అడిగింది. నవ్వి ఊరుకునేదాన్ని. ఈసారి నవ్వలేకపోయాను. మా అమ్మాయి ఇంటర్లో చేరింది, తరవాత నర్సింగు చదువుతానంటోంది. ఆ చదువుకయ్యే ఖర్చు తలచుకుంటే నిద్ర పట్టేది కాదు. మా ఆయనతో చెప్తే "నీ ఇష్టం" అని చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయారు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూశాను. కాలవ గట్టు మీద ఒక్కరే కూర్చున్నారు.

పాస్‌పోర్టు చేయించుకున్నాను. ఏజెంటు శ్రావణమాసం అయ్యాక ప్రయాణం అన్నాడు. అయినా మనసు ఒప్పుకోలేదు. వెళ్ళేలోపు ఒక్కసారి, ఒక్కసారైనా జీతం పెంచమని అడిగి చూద్దామనుకున్నాను. బాబాయిగారితో చెప్పాను. కింద జాకెట్టు ముక్కల దగ్గర పాతావిడ ఒకామె ఉంది, ఆమెతోనూ చెప్పాను. ముగ్గురం కలిసి పైకెళ్ళి అడుగుదామని అనుకున్నాం. శ్రావణంలో మొదటి సోమవారం, బేరాలు మొదలవక ముందు వెళ్ళాలని మాట.

ఆ సోమవారం పాతావిడ తలనొప్పని సెలవు పెట్టింది. బాబాయిగారు మెట్ల దాకా వచ్చారు. అంతలో పెళ్ళివారెవరో చెప్పులు విడుస్తూ కనపడ్డారు.

"నువ్వు పద అమ్మాయ్, వీళ్ళని కూర్చోబెట్టి నీ వెనకాలే వస్తున్నాను," అన్నారు.

నేను మెట్లెక్కాను. గది గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాను. కింద బాబాయిగారు అప్పటికే పరుపు మీద చీర పరిచేశారు.

షావుకారు గారు కొత్త సరుకు మూటలు విప్పించి చూసుకుంటున్నారు. నన్ను చూసి, "ఏవమ్మా, ఇలా వచ్చేవు?" అన్నారు.

జీతం పెంచండని అడగాలనే వెళ్ళాను. వారం రోజులుగా మాటలు కూర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే, "మానేస్తానండి. కువైట్ వెళ్తున్నానండి," అని వచ్చింది.

ఆయన కళ్ళజోడు తీశారు. "కువైటా? నువ్వా? ఇంటాయన్నీ పిల్లనీ వదిలేసా?"

"వదిలేసి కాదండి. వాళ్ళ కోసమేనండి."

"జీతం చాలకపోతే నాతో ఓ మాట చెప్పొచ్చు కదమ్మా. దసరాకి చూద్దును కదా."

"దసరాకి మూడు వందలు వేస్తారండి. పదిహేనేళ్ళ నించీ అంతేనండి."

"ఒక్క ఏడైనా మానేనా?"

"మానలేదండి. ఆ మాట ఎక్కడైనా చెప్తానండి. కానీ కొత్తగా వచ్చినావిడకీ నాకూ తేడా ఏడు వందలేనండి. నా పదిహేనేళ్ళూ కలిపి ఏడు వందలాండి?"

ఆయన చేతిలో ఉన్న చీర మడత పక్కన పెట్టారు. తరవాత ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"బయట్నించి మనిషిని తెచ్చుకోవాలంటే బజారు రేటు ఇవ్వాలి కదమ్మా. లేకపోతే రారు. ఉన్నవాళ్ళకి అలవాటు రేటు. నేనొక్కణ్ణే కాదు, మా నాన్నగారూ అంతే చేసేరు."

నన్ను కించపరచాలని అన్న మాట కాదది. వ్యాపారస్థుడు వ్యాపారం సంగతి చెప్పినట్టే చెప్పారు. జీతాల గురించి అంత నిజం చెప్పిన మనిషిని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. కానీ ఆ క్షణంలో మాత్రం మొహం మీద కొట్టినట్టయింది.

"అయితే నేనూ బజారుకే వెళ్తానండి," అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "సరే, నీ ఇష్టం. వరలక్ష్మీ వ్రతం దాకా ఉండు. ఆ మర్నాడు నీ లెక్క చూసి ఇచ్చేస్తాను," అన్నారు.

మెట్లు దిగి వచ్చాను. బాబాయిగారు నా వైపు చూడకుండా చీర కుచ్చిళ్ళు సర్దుతూనే ఉన్నారు. నేను మొహం కడుక్కుని వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాను. ఆ రోజు నా దగ్గరికి వచ్చిన మొదటి బేరం, కూతురి శ్రీమంతానికి చీర కొనడానికొచ్చిన తల్లి. నాలుగు చీరలు అమ్మాను. ఎలా అమ్మానో నాకే తెలీదు.

సాయంత్రం చెల్లెలికి ఫోను చేసి వస్తున్నానన్నాను. అది సంతోషం పట్టలేక ఏడ్చింది. తెచ్చుకోవాల్సినవన్నీ చెప్పింది. ఆవకాయ, చింతకాయ తొక్కు, పెసరపప్పు వడియాలు, దళసరి దుప్పటి. మా అమ్మాయి పొద్దున్నే లేచి వాళ్ళ నాన్నకి నడుం కాపడం ఎలా పెట్టాలో నన్ను అడిగి నేర్చుకోవడం మొదలెట్టింది. ఆ పిల్ల గుడ్డ వేడి చేస్తుంటే చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

వ్రతం ముందు రోజులు కొట్లో ఊపిరాడదు. ముమ్మిడివరం, కొత్తపేట, పి.గన్నవరం, ఎక్కడెక్కడి వాళ్ళూ వస్తారు. వాళ్ళకి చీరలు చూపిస్తూనే, ఈ పండగకి ఇదే ఆఖరు అని లోపల అనుకుంటూ ఉన్నాను. షావుకారు గారు ఎదురైతే తల వంచుకుని పక్కకి తప్పుకునేదాన్ని. ఆయనా పలకరించలేదు.

వ్రతం అయిన మర్నాడు, శనివారం. ఆత్రేయపురం పూతరేకులు ఓ పెట్టె కొన్నాను, వెళ్తూ వెళ్తూ అందరి నోరూ తీపి చేద్దామని. కొట్టు తలుపు అప్పుడే తీశారు. ఇంకా బేరాలు రాలేదు. ఎప్పుడూ పొద్దున్నే చీరల అంతస్తుకి రాని షావుకారు గారు మెట్లెక్కి వచ్చారు. కింది వాళ్ళనీ పైకి పిలిపించారు. నాకు లెక్క అందరి ముందూ ఇస్తారు కాబోలనుకున్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"పాతవాళ్ళ జీతాలు ఈ నెల నించి సరిచేస్తున్నాను. కొత్తగా చేరేవాళ్ళకి ఇచ్చే దానికంటే పైనే ఉంటాయి, ఎవరెన్నేళ్ళు చేసేరో దాన్ని బట్టి. ఇక మీదట దసరాకి అందరికీ ఒకే మూడు వందలు కాదు. ఎవరి జీతం ఎంతో దాని మీద నూటికి పది."

అందరూ మాట సరిగ్గా విన్నామో లేదో అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఆయన నా వైపు తిరిగారు. "నీకు తొమ్మిది వేలమ్మా. కువైట్ వాళ్ళంత నేనివ్వలేను. ఇక్కడి బజారు రేటు ఇస్తాను. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించుకోడానికేం లేదండి. ఉంటానండి," అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా వెళ్ళడం గురించి ఒక్క కన్నీటి చుక్క కార్చలేదు నేను. ఉండిపోవడానికి ఏడ్చాను.

ఆయన కాస్త ఇబ్బంది పడి, జేబులోంచి తాళాల గుత్తి తీసి బాబాయిగారి ముందు పెట్టారు. "బాబాయ్, మీ తాళాలు మీరు ఉంచుకోండి. ఇలాంటి పని ఇంకెప్పుడూ చెయ్యకండి," అని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

తాళాల సంగతేమిటో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం రాజోలావిడ చెప్పింది. ముందురోజు సాయంత్రం కొట్టు కట్టే వేళకి బాబాయిగారు పై గదిలోకి వెళ్ళారట. ఆమె బిల్లులు ఇవ్వడానికి గుమ్మంలో నిలబడి ఉంది. బాబాయిగారు ఒక్క మాట మాట్లాడకుండా పట్టుచీరల బీరువా తాళాలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారట. షావుకారు గారు మొహం తెల్లబోయి, "మీరు కూడానా బాబాయ్?" అన్నారట. దానికీ ఈయన పలకలేదట.

నాకు ఒళ్ళు పులకరించింది. తండ్రి కాలం నుంచీ ఉన్న మనిషి, ఏనాడూ నోరెత్తని మనిషి, నా కోసం ఉద్యోగం వదులుకోడానికి సిద్ధపడ్డారా! పూతరేకుల పెట్టె పట్టుకుని పరుగున ఆయన దగ్గరికి వెళ్ళాను.

"బాబాయిగారండీ, మీ రుణం తీర్చుకోలేనండి. నాకోసం మీరు రాజీనామా..."

"ఊరుకో అమ్మాయ్, ఎవరన్నా వింటారు," అని చుట్టూ చూశారు. గొంతు తగ్గించారు. "రాజీనామా ఎవరిచ్చేరు? నువ్వు వెళ్ళిపోతే చీరల దగ్గర పాతవాళ్ళలో నేనొక్కణ్ణే మిగులుతానని భయమేసింది. నీ గురించీ నా గురించీ రెండు ముక్కలు మాట్లాడదామని వెళ్ళేను. లోపలికెళ్ళేక చేతులు వణికేయి. తాళాలు గలగలమని మోగుతుంటే, బావుండదని బల్ల మీద పెట్టేను. అంతే. ఆయన ఇంకేదో అనుకున్నారు."

"మరి కాదని చెప్పలేదేవండీ?"

"నోరు వస్తే కదమ్మా!"

ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. కింద నుంచి ఎవరో ఏమిటా నవ్వులని అరిచారు. ఆ రోజు పూతరేకులు తిన్నంత ఇష్టంగా మళ్ళీ ఎప్పుడూ తినలేదు నేను.

ఆ తరవాత ఆ కొట్లోనే పనిచేసి, మోకాళ్ళు ఇక నిలబడనివ్వనప్పుడు మానేశాను. నూటికి పది చొప్పున ప్రతి ఏడూ పెరిగింది. కరోనా మూతప్పుడు ఒక్కసారి ఆగింది, కొట్టు తెరిచాక మళ్ళీ అందుకుంది. మా అమ్మాయి నర్సింగు పూర్తి చేసింది. ఒకే యజమాని దగ్గర ఉండడం తప్పని నేను అనను. నాకు అది మేలే చేసింది. పక్కన కొత్తగా చేరినవాళ్ళకి ఎంతిస్తున్నారో అప్పుడప్పుడూ కనుక్కుంటూ ఉండండి, అంతే చెప్తాను. కనుక్కున్నాక అడగండి. గొంతు రాకపోయినా ఫర్వాలేదు, గదిలోకి మాత్రం వెళ్ళండి.

ఆ శనివారం సాయంత్రం బస్టాండులో నిలబడి చెల్లెలికి ఫోను చేశాను. రావడం లేదని చెప్పాను. "శుక్రవారాలు నువ్వుంటావని ఎంత అనుకున్నానో," అంది. తరవాత తనే తేరుకుని, "మంచిదేలే అక్కా. నువ్వు మీ ఇంట్లోనే ఉండు. పచ్చళ్ళు మాత్రం ఎవరితోనైనా పంపించు," అంది. దాని గొంతు విన్నాక నా సంతోషం కొంచెం తగ్గింది. తగ్గినా, మిగిలింది బోలెడంత ఉంది.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. అమ్మాయి దీపం పెడుతోంది. వెళ్ళడం లేదని, తొమ్మిది వేలు చేశారని ఒక్క గుక్కలో చెప్పేశాను. అమ్మాయి అగ్గిపెట్టె అక్కడే వదిలేసి వచ్చి నా నడుం చుట్టూ చేతులు వేసింది. ఎప్పుడో చిన్నప్పుడు అలా పట్టుకునేది.

ఆయన నేలకేసి చూస్తూ, "అయితే మళ్ళీ క్యారేజీ కట్టాలన్నమాట. ఏం వండమంటావు?" అన్నారు.

"ఏదైనా సరేనండి."

"ఏదైనా ఏవిటి? గుత్తి వంకాయ చేస్తాను," అని గోడ పట్టుకుని లేచారు. ఇంట్లో వంకాయలు లేవని నేను చెప్పేలోపే, చెప్పులేసుకుని సంత వైపు నడుస్తున్నారు.